గూటికి దూరంగా కూర్చో

హన్మకొండ

చి. సింధుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి గంటసేపు ఏడ్చింది. బ్యాంకు కోచింగ్ మధ్యలో వదిలేసి అరుణాచల్ అడవుల్లో హార్న్‌బిల్ అనే పెద్ద ముక్కు పక్షి గూళ్ళు చూసే పనికి పోతున్నావట. ఫిబ్రవరి ఆఖర్లో పోతే మళ్ళీ ఆగస్టుకు గాని రావట. "దీనికి ఈ పిచ్చి అంటించింది నువ్వే, మాన్పించేది కూడా నువ్వే" అని నా మీద పడ్డది. మాట్లాడతానని చెప్పాను. మాన్పిస్తానని మాత్రం మాట ఇవ్వలేదు.

నిజం చెప్పనా? ఫోన్ పెట్టేశాక ముందు నవ్వొచ్చింది, తర్వాత ఛాతీ కొంచెం పొంగింది, ఆ తర్వాత నిద్ర పట్టలేదు. నేను జువాలజీ లెక్చరర్‌గా చేరిన రోజుల్లో పిల్లల్ని పాకాల అడవికి తీసుకుపోతానంటేనే స్టాఫ్‌రూమంతా నన్ను వింతగా చూసేది. నువ్వు అరుణాచల్‌లో ‘పక్కే’ అనే పులుల అభయారణ్యం దగ్గర ఆరు నెలలుంటానంటున్నావు. పో బిడ్డా. కానీ ఈ ఉత్తరం చదివి పో. వాట్సాప్‌లో పంపితే సగం చదివి బొటనవేలు గుర్తు పెడతావని కాగితం మీద రాస్తున్నాను.

ముందు తేలిక సంగతులు. అరుణాచల్‌లో అడుగు పెట్టాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, బయలుదేరే ముందే తీసుకో. బట్టలు మట్టి రంగువి, ఆకు రంగువి. బైనాక్యులర్ ఎనిమిదింతలు చూపించేది చాలు, పదింతలది చేతిలో వణుకుతుంది. జలగలకు ఉప్పు, మోకాళ్ళ దాకా మేజోళ్ళు. పట్టుకుంటే కంగారుపడి లాగకు. జలగతో ఎవరూ చావరు.

దోమతో చస్తారు. ఇది మాత్రం ఒక లైనులో చెప్పి వదలను. ఏటూరునాగారం వైపు ఎండాకాలం క్యాంపుకు నాతో వచ్చిన పిల్లవాడొకడు ఇంటికి చేరిన పది పన్నెండు రోజులకు జ్వరం పడ్డాడు. "అలసట, ఎండదెబ్బ" అని వాళ్ళమ్మ మజ్జిగ తాగించి పడుకోబెట్టింది. మూడో రోజుకు మనుషుల్ని గుర్తుపట్టడం మానేశాడు. మెదడుకు ఎక్కే రకం మలేరియా. బతికాడు, కానీ ఆ వారం నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చున్న తీరు ఇప్పటికీ ఒంట్లో ఉంది. అందుకే చెప్తున్నా: దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకు. వెళ్ళే ముందు డాక్టరును కలిసి మందు సంగతి అడుగు. జ్వరం వస్తే అదే రోజు రక్త పరీక్ష, "రేపు చూద్దాం" అనడం వద్దు. తిరిగొచ్చాక కూడా నెల రెండు నెలల్లో జ్వరం వస్తే ఇక్కడి డాక్టరుకు నీ అంతట నువ్వే "నేను ఈశాన్యం అడవుల్లో ఉండి వచ్చాను" అని చెప్పాలి. వాళ్ళంతట వాళ్ళు అడగరు. ఈ పేరా ఫోటో తీసి ఫోన్‌లో పెట్టుకో.

ఇక పక్షుల సంగతి.

ఇన్నాళ్ళూ నువ్వు చూసినవి మన పక్షులు. పాలపిట్ట, పసుపు రంగు వంగపండు పిట్ట, చిలుకలు, ఎండాకాలం ముందు మోదుగ పూల మీద గోల చేసే గోరింకలు. క్లాసులో నేను చూపించే పాలపిట్ట ఈక గుర్తుందా? ముందువైపు నుంచి చూస్తే నీలం. అదే ఈకను కిటికీ వెలుగుకు అడ్డం పెట్టి వెనక నుంచి చూస్తే గోధుమ రంగు. ఈకలో నీలం రంగు పదార్థమే లేదు. లోపలున్న సన్నని గాలి గదుల అమరిక వెలుగులోని నీలాన్ని మాత్రం వెనక్కి చిమ్ముతుంది, మన కంటికి అది రంగుగా కనిపిస్తుంది. వంగపండు పసుపు అలా కాదు. అది తిన్న తిండిలోంచి ఈకలోకి చేరిన అసలు రంగు.

అక్కడ నువ్వు చూడబోయే పెద్ద హార్న్‌బిల్‌ది మూడో దారి. దాని రెక్కల మీది తెల్లని పట్టీ, మెడ, ముక్కు మీది టోపీ పసుపుగా ఉంటాయి. ఆ పసుపు పూసుకున్నది. తోక మొదట్లో నూనె గ్రంథి ఒకటుంటుంది, అందులో ముక్కు అద్ది ఒళ్ళంతా రాసుకుంటుంది. రోజూ రాసుకోవాలి, లేకపోతే వెలిసిపోతుంది. నీకు పదో తరగతిలో మొటిమల క్రీముల పిచ్చి ఉండేది కదా, అది చూసినప్పుడల్లా నాకు ఈ పక్షి గుర్తొచ్చేది. నీకెప్పుడూ చెప్పలేదులే.

మగ, ఆడ తేడా కంటి దగ్గర చూడు. పెద్ద హార్న్‌బిల్ మగదానికి కన్ను ఎర్రగా, ఆడదానికి తెల్లగా ఉంటుంది. గొంతు కింద సంచి వేలాడే ఇంకో జాతి ఉంది, రీత్డ్ హార్న్‌బిల్ అంటారు. మగదాని సంచి పసుపు, ఆడదానిది నీలం. ఇవి నోటికి రావాలి, ఎందుకంటే గూడు కాపలాలో నువ్వు రాసే కాగితానికి మొదటి ప్రశ్న "వచ్చింది ఎవరు" అన్నదే. పెద్ద హార్న్‌బిల్ వస్తుంటే తల ఎత్తకముందే తెలుస్తుంది. దాని రెక్కల చప్పుడు, మేము చిన్నప్పుడు కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో విన్న బొగ్గు ఇంజన్ ఊపిరిలా ఉంటుంది. నేను ఒకసారి కేరళ అడవిలో విని అడ్డంగా ఆగిపోయాను. మీ తాత బతికుంటే ఆయన్ని తీసుకుపోయి వినిపించేదాన్ని.

అసలు విచిత్రం గూడు. హార్న్‌బిల్‌కు అంత ముక్కున్నా చెట్టుకు తొర్ర తొలుచుకోవడం చేతకాదు. ఎప్పుడో కొమ్మ విరిగి పుచ్చిపోయిన చోట ఏర్పడ్డ తొర్ర దొరకాలి, అదీ తను పట్టేంత పెద్దది. అంటే ముసలి చెట్టు ఉండాలి. పక్కే ప్రాంతంలో ఎక్కువ గూళ్ళు టెట్రమేలీస్ అనే మహావృక్షాల్లోనే ఉంటాయి. 2024 ఆగస్టు ఆఖర్న మన తాడ్వాయి, మేడారం మధ్య ఒక్క సాయంత్రం గాలివానకు వేల చెట్లు కూలిపోయాయి కదా, నాకు ఆ రోజు మొదట తట్టింది తొర్రలే. మళ్ళీ మొక్కలు నాటుతారు, మంచిదే. కానీ తొర్రను నర్సరీలో పెంచలేరు.

ఆడపక్షి ఆ తొర్రలోకి దూరి లోపల నుంచి ద్వారం మూసేసుకుంటుంది. తన రెట్ట, పళ్ళ గుజ్జు కలిపి గోడ కడుతుంది, ముక్కు కొన పట్టేంత సన్నని చీలిక మాత్రం వదులుతుంది. గుడ్లు, పొదగడం, పిల్ల పెరగడం అన్నీ అందులోనే. మూడు నాలుగు నెలలు. బయట మగపక్షి ఒక్కడే సంపాదన. అత్తి, మర్రి జాతి పళ్ళు గొంతులో నింపుకొచ్చి చీలిక దగ్గర ఒక్కొక్కటే పైకి తెచ్చి అందిస్తాడు. పిల్ల పుట్టాక బల్లులూ పురుగులూ కూడా తెస్తాడు. గూటి రోజుల్లో మగదాన్ని కొడితే పోయేది ఒక ప్రాణం కాదని ఆ ప్రాంతంలో ఎవరినడిగినా చెప్తారు.

ఇంకో సంగతి నువ్వు కళ్ళారా చూసి నాకు రాయాలి. పెద్ద హార్న్‌బిల్‌లో తల్లి ముందుగా గోడ పగలగొట్టుకుని బయటికి వస్తుంది, పిల్ల ఇంకా లోపలే ఉంటుంది. అప్పుడు ఆ పిల్లే, ఎవరూ నేర్పకుండా, లోపల నుంచి గోడ మళ్ళీ కట్టుకుంటుంది. రీత్డ్ హార్న్‌బిల్‌లో మాత్రం తల్లీ పిల్లా కలిసే బయటికి వస్తాయి. ఇదంతా నేను చదివి క్లాసులో చెప్పాను, చూసే యోగం మాత్రం నీకే ఉంది.

గూటి కింద నిలబడకు. రెట్టలు ఆ చీలికలోంచి బయటికే చిమ్ముతాయి. కానీ రోజుకోసారి కింద వెతుకు. అక్కడ పడ్డ గింజల్ని బట్టి ఏం తిన్నాయో తెలుస్తుంది, వానలు పడితే ఆ గింజలే మొలకలవుతాయి.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్నది. కుదురుగా కూర్చుని చదువు.

మన పాకాల అడవిలో బూడిద రంగు హార్న్‌బిల్ ఉంటుంది, నీకు తెలుసు. ఒక ఏప్రిల్‌లో, పరీక్షలయ్యాక, పిల్లల్ని తీసుకుని క్యాంపుకు పోయాం. నాతోపాటు ఇంకో లెక్చరర్ వచ్చాడు, పేరెందుకు, ఇప్పుడు ఆయన లేడు. చాలా ఉత్సాహవంతుడు. పాఠం చెప్తే పిల్లలు బెల్లు మోగినా లేచేవాళ్ళు కాదు. మాకు దారి చూపించే కోయ పెద్దాయన ఒక ముసలి మద్దిచెట్టు తొర్రలో గూడు చూపించాడు. రెండు నిలువుల ఎత్తు ఉంటుంది. దూరంగా బండ వెనక కూర్చుంటే మధ్యాహ్నం దాకా మగది రావడం పోవడం కనిపించింది. పిల్లలకు సరిపోలేదు. "సార్, లోపల ఆడది ఎట్లుంటది?" అని ఒకడు అడిగాడు.

ఆయనకు ఆ ప్రశ్న చాలు. తేనె తీసేవాళ్ళ వెదురు నిచ్చెన ఎక్కడో ఉంటే తెప్పించాడు. పెద్దాయన వద్దన్నాడు. నేను వద్దన్నాను, గట్టిగానే అన్నాను. "మేడమ్, పుస్తకంలో బొమ్మ చూసి పాసయ్యే పిల్లలు మనకొద్దు" అన్నాడు. నిచ్చెనెక్కి, జేబులోని కత్తితో ఆ గోడ అంచు గీకడం మొదలుపెట్టాడు. ఎండి గట్టిపడిపోయింది, ఒక పట్టాన రాలేదు. టార్చి పట్టేంత సందు చేద్దామనుకున్నాడు, పెద్ద పెచ్చు ఒకటి ఊడి పడింది. లోపల నుంచి అది ఆయన వేలు కరిచింది. కింద పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లకో, వెలుగుకో, అది బయటికి దూకింది. ఎగిరిపోతుందనుకున్నాం అందరం. ఎగరలేదు. బిడ్డా, తొర్రలో ఉన్నప్పుడే అది రెక్కల పెద్ద ఈకలన్నీ రాల్చేసుకుంటుంది, పిల్ల పెరిగేలోపు కొత్తవి వస్తాయి. అంత కాపలా మధ్య ఉన్నాను కదా అన్న ధైర్యంతోనే ఆ పని చేస్తుంది. ఆ రోజు దాని రెక్కలకు మొలకల్లాంటి ఈకలే ఉన్నాయి. నేల మీద పడి, గెంతుకుంటూ పొదల్లోకి పోయింది. చప్పట్లు ఆగిపోయాయి.

పెద్దాయన తువ్వాలు చేతిలో పట్టుకుని పొద్దుగూకే దాకా ఆ ముళ్ళలో పాకి, ఎట్లనో పట్టాడు. మళ్ళీ తొర్రలో పెట్టాడు. కానీ గోడ లేదు కదా. మట్టి మెత్తి మూద్దామని చూశాడు, నిలవలేదు. సాయంత్రం మగది వచ్చింది. గూటి మీద వాలలేదు. పక్క చెట్టు మీద కూర్చుని ఒక పండు గొంతులోంచి ముక్కు కొనకు తెచ్చుకోవడం, మళ్ళీ మింగేయడం. తేవడం, మింగేయడం. చీకటి పడ్డాక పోయింది. తెల్లారి పోయి చూస్తే తొర్ర ఖాళీ, చెట్టు కింద నాలుగు తోక ఈకలు, గుడ్డు పెంకులు. ఉడుమో, పునుగుపిల్లో, ఏది తిన్నదో ఎవరూ చూడలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. నాకు ఇన్నేళ్ళూ మింగుడుపడనిది అదే. పక్షి అంటే ఇష్టం లేనివాడైతే ఆ నిచ్చెన ఎక్కేవాడే కాదు. తర్వాత కొన్నాళ్ళకు స్టాఫ్‌రూమ్‌లో తన వేలు మీద మచ్చ చూపించి ఈ కథను తమాషాగా చెప్పుకుంటుంటే నేను కుర్చీ తోసి లేచిపోయాను. ఆ సంవత్సరమంతా మాకు మాటల్లేవు. నా క్యాంపులో మళ్ళీ నిచ్చెన కనబడనీయలేదు.

నీకు ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, నీలో కూడా ఆ ఆత్రమే ఉంది. నీకు ఏడేళ్ళప్పుడు, బతుకమ్మ పండుగ అయిపోయాక, మన బాల్కనీలో పొన్నంకి పిట్ట పడింది. దక్షిణానికి వలస పోతూ రాత్రుళ్ళు ఎగిరి అలసిపోయి అవి అట్లా ఇళ్ళల్లో పడుతుంటాయి. ఆకుపచ్చ వీపు, రెక్క మీద నీలం, తోక కింద ఎరుపు, అన్ని రంగులూ దాని ఒంటి మీదే. అట్టపెట్టెలో పెట్టి చీకటిగా మూసి రేపటిదాకా వదిలేయమన్నాను. నువ్వు పది నిమిషాలకోసారి మూత తీసి చూశావు. కొట్టాను కూడా. ఆ రాత్రి నువ్వు ఏడ్చి పడుకున్నాక నేనే లేచి ఒకసారి మూత తీసి చూశాననుకో, ఆ రంగులు అట్లాంటివి.

అందుకే చెప్తున్నా. గూటి కాపలావాళ్ళు ఎక్కడ కూర్చోమంటే అక్కడే కూర్చో, ఒక్క చెట్టు కూడా ముందుకు జరగకు. రోజంతా కూర్చుంటే ఒక ముక్కు కొన కనిపిస్తుంది, కొన్ని రోజులు అదీ కనిపించదు. బోర్ కొడుతుంది, టైము వేస్టు అనిపిస్తుంది. నీ కాగితం మీద మగది వచ్చిన వేళ, ఎన్ని పళ్ళు ఇచ్చింది, ఏ పండు, ఎంతసేపు ఉంది, అంతే. ఈ మధ్య పిల్లలు తీగ కెమెరాలు తొర్రల్లో దూర్చి వీడియోలు తీస్తున్నారు, ఫోన్‌లో పక్షి కూత పెట్టి మగవాటిని రెచ్చగొట్టి ఫోటోలు తీస్తున్నారు. ఆ రెండూ నువ్వు చేస్తున్నావని తెలిస్తే అక్కడికే వచ్చి కొడతా. గూడున్న చోటు లొకేషన్ ఎవరికీ పంపకు, నాక్కూడా. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులు "ఒక్క ఫోటో, దగ్గరగా" అంటారు. వాళ్ళను ఆపడమే నీ ఉద్యోగం అనుకో.

అక్కడి నిషి తెగ వాళ్ళ ఊళ్ళలో ఉంటావు కాబట్టి ఒక మాట. వాళ్ళ మగవాళ్ళ తలపాగా మీద ఒకప్పుడు అసలు హార్న్‌బిల్ ముక్కు ఉండేది, ఇప్పుడు ఫైబర్‌తో చేసినవి పెట్టుకుంటున్నారు. ఒకప్పుడు వేటాడినవాళ్ళలోనే కొందరు ఇప్పుడు గూళ్ళకు కాపలా. 2011లో మొదలైన గూళ్ళ దత్తత పథకంలో పట్నంవాళ్ళు డబ్బు కడితే ఊరివాళ్ళు ఆ గూళ్ళను కాస్తారు. నువ్వు పోయి వాళ్ళకు పక్షి ప్రేమ గురించి ఉపన్యాసం ఇవ్వకు. మన దగ్గర దసరా నాడు రాష్ట్ర పక్షి పాలపిట్టను పంజరంలో కుక్కి, కాళ్ళకు దారం కట్టి డబ్బులకు దర్శనం చేయించేవాళ్ళున్నారు, మొక్కి డబ్బులిచ్చేవాళ్ళు ఇంకా ఎక్కువున్నారు. విను, నేర్చుకో, వాళ్ళ మాట నాలుగు ముక్కలు పట్టుకో. గుర్తుగా ఈకలూ ముక్కులూ ఏవీ తెచ్చుకోకు. 1972 వన్యప్రాణి చట్టం కింద అవి ఇంట్లో ఉన్నా కేసే.

ఇక ఏనుగులు. మనకు ఏనుగు అంటే జాతరలో చూసింది. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర నుంచి ప్రాణహిత దాటి ఒక్కటి కాగజ్‌నగర్ వైపు వస్తే ఇద్దరు రైతులు పోయారు. పక్కేలో అవి గుంపులుగా తిరుగుతాయి. ఒంటరిగా అడవిలోకి పోకు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోకు, ముందు నడిచే మనిషి ఆగితే నువ్వూ ఆగు, పరుగెత్తమంటే ఎందుకని అడగకు. పైలం బిడ్డా. ఈ పేరా మీ అమ్మకు చదివి వినిపించొద్దు. ఆమెకు జలగల సంగతి చెప్పు, దాంతోనే సరిపోతుంది ఆమెకు టెన్షన్.

మీ బాపుతో నేను మాట్లాడాను. ఒప్పుకున్నట్టే, కానీ ఒప్పుకున్నానని ఆయన నోటితో అనడు. కోచింగ్ ఫీజు పోయిందని రెండుసార్లు అన్నాడు, మూడోసారి "అక్కడ చలి ఎట్లుంటదట?" అని అడిగాడు. స్వెట్టర్ ఆయనతోనే కొనిపించు.

సకినాలు వత్తి ఆరబెట్టాను, రేపు కాలుస్తా. నెల దాకా మెత్తబడవు, అక్కడి తేమకు మాత్రం డబ్బా మూత గట్టిగా పెట్టుకో. వరంగల్‌లో రైలెక్కుతావా, సికింద్రాబాద్ నుంచా? ఏ బండో, ఎన్నింటికో చెప్తే స్టేషన్‌కు తెచ్చిస్తాను.

నీ
పెద్దమ్మ